బుగ్గ మీద వెలుగు

1962 జనవరి 21, ఆదివారం

ఆరాధన అయ్యాక హెడ్మాస్టరు హెబ్రోను గారు నన్ను ఆగమన్నారు. మా మిషన్ స్కూలు పెట్టిన మిస్సమ్మగారు తన దేశంలో కాలం చేసి ఏడాదయింది. వచ్చే క్రిస్మస్‌కు స్కూలుకు యాభై ఏళ్ళు నిండుతాయి. హాల్లో ఆమె బొమ్మ పెట్టాలట. ఫోటో వద్దు, ఆయిల్ పెయింటింగే కావాలట. ఏమయ్యా సమాధానం, డ్రాయింగ్ మాస్టరువు నువ్వుండగా మద్రాసు దాకా ఎందుకు అన్నారు. నేను తల ఊపేశాను. పదేళ్ళుగా పిల్లల చేత కుండా, అరటిపండూ గీయించడం తప్ప నేను చేసిందేమీ లేదు. ఆయిల్ రంగు ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

మిస్సమ్మగారి బంగళాలో ఆమె రంగుల పెట్టె ఇంకా ఉంది. సగం ట్యూబులు రాళ్ళయిపోయాయి. పెట్టె అడుగున ఒక పెద్ద కలర్ ప్రింటు దొరికింది, ఇటలీ చిత్రకారుడు రఫేల్ వేసిన తల్లీబిడ్డా, మరియమ్మా బాలయేసూ. ఆమె కూడా దీన్ని కాపీ చేసే నేర్చుకుందని హెబ్రోను గారు చెప్పారు. సరే, నేనూ అక్కడే మొదలుపెడతాను.

జనవరి 28, ఆదివారం

ప్రింటు మీద గళ్ళు గీశాను. బొమ్మ వేయబోయే గుడ్డ మీదా గీశాను. ఒక్కో గడిలో ఏముందో అదే ఇక్కడికి దించడం. రెండు రోజులు పట్టింది.

మగ్దలీనమ్మకు ఇష్టం లేదు. మనమేమో ప్రొటెస్టెంట్లం, మరియమ్మ బొమ్మ ఇంట్లో పెట్టుకుంటే కథోలిక్కుల ఆర్‌సీఎంలో కలిసిపోయినారంటారు అంది. ఇది మరియమ్మ కాదు, ఎక్సర్‌సైజు అని చెప్పాను. నా భార్య దగ్గర అలాంటి మాటలు చెల్లవు. తన పాతచీర ఒకటి తెచ్చి బొమ్మకు అడ్డం కట్టింది. పనిచేసేటప్పుడు మాత్రం తీసుకోవచ్చట.

ఫిబ్రవరి 6, మంగళవారం

చర్మం కింద ఆకుపచ్చ ఉంది! ముందు ముఖమంతా లేత ఆకుపచ్చ పూసి, ఆరాక దాని మీద ఎరుపూ తెలుపూ పలచగా వేయాలి. అప్పుడే కింద నెత్తురున్నట్టు కనిపిస్తుంది. ప్రింటును భూతద్దంతో చూసి చూసి పట్టుకున్నాను. ఈ సముద్రపు గాలికి మాత్రం ఏదీ ఆరి చావదు. పైగా ఇసుక వచ్చి అంటుకుంటోంది.

ఫిబ్రవరి 19, సోమవారం

ఎలక్షన్లకు స్కూలు తీసుకున్నారు. సెలవులు. పొద్దుటినుంచీ బొమ్మ ముందే ఉన్నాను. నీలం పైట వచ్చింది, చేతులు వచ్చాయి, ముఖాలు రావడం లేదు. ప్రింటులో బిడ్డ బుగ్గ మీద ఒక వెలుగుంది. నేను వేస్తే సున్నం కొట్టినట్టుంటుంది. నాలుగుసార్లు గీకేశాను.

గీకుతూ ఉండగా చేపల కామమ్మ వచ్చింది. నెత్తిన గంప, చంకలో బిడ్డ. సముద్రపొడ్డున జాలర్ల పాళెంలో చిన్నపోలయ్య పెళ్ళాం ఈమె. బిడ్డకు ఎనిమిది నెలలుంటాయి, పేరు పోలేరమ్మ, పోలి అంటారు. గంప దించి అరుగు మీద కూర్చుంటే ఎండ పక్కనుంచి బిడ్డ బుగ్గ మీద పడింది. నేను వెతుకుతున్న వెలుగు అక్కడుంది. తెల్లగా లేదు. పాలపొంగులా మెత్తగా ఉంది. ఇటలీ బిడ్డయితేనేం, పాళెం బిడ్డయితేనేం?

ఫిబ్రవరి 24, శనివారం

మగ్దలీనమ్మే మాట్లాడి ఒప్పించింది. వారానికి రెండు పొద్దులు కామమ్మ వచ్చి మా వసారాలో కూర్చుంటుంది, మేము బియ్యం ఇస్తాం. కామమ్మ ఒకటే నవ్వు. నా మొగంలో ఏముండాదని గుడ్డకెక్కిస్తారు అయివారూ అంది. వాళ్ళ అత్త నాగులమ్మ మాత్రం గొణుగుతోందట. బొమ్మలో దిగితే బిడ్డకు కళ తగ్గతాది, పోతే పో గానీ చుక్క లేకుండా గుమ్మం దాటించబాక అని చెప్పి పంపిందట.

చుక్కంటే దిష్టిచుక్క. ఎడమ బుగ్గ మీద, చింతగింజంత కాటుక.

మార్చి 3, శనివారం

తల్లి ముఖం కుదిరింది. నేనే ఆశ్చర్యపోయాను. మగ్దలీనమ్మ బొమ్మకు కట్టిన చీర తీసి చూసి, ఏమీ అనకుండా మళ్ళీ కట్టింది. బాగుందన్నమాట.

బిడ్డ దగ్గరే చిక్కు. వెలుగు సరిగ్గా ఎక్కడ పడుతుందో అక్కడే చుక్క ఉంది. చుక్క లేదనుకుని వేయబోతే ఆ చోట రంగేమిటో తెలియదు. కుడి బుగ్గ చూపించమంటే నీడ మారిపోతోంది. చుక్క కాస్త పక్కకు పెట్టి తీసుకురాకూడదా అని కామమ్మనడిగాను. మాయత్త చంపేస్తాది అయివారూ అని నవ్వింది.

మార్చి 8, గురువారం, సాయంత్రం

ఈరోజు కుదిరింది. కుదిరిందని సంతోషంగానే ఉంది, కానీ ఉన్నదున్నట్టు రాయాలి.

మగ్దలీనమ్మ కోట ఊళ్ళో స్త్రీల సమాజం మీటింగుకని పొద్దున్నే బస్సెక్కింది. ఎనిమిదికి కామమ్మ వచ్చింది గానీ కూర్చోలేదు. ఈ పొద్దు పాళేనికి టీకాలాయన వస్తాడంట, పక్కూళ్ళో అమ్మవారు పోసిందంట, ఈడ అమ్మగారు బిడ్డకు టీకా ఏయించమని మరీ మరీ చెప్పింది, పొయ్యి రేపొస్తా అంది. నాకు కోపం వచ్చింది. తొమ్మిది దాటితే ఆ వెలుగు ఉండదు, రేపు మబ్బు పట్టొచ్చు. ఒక్క గంట కూర్చో, టీకాలాయన మధ్యాహ్నం దాకా పాళెంలోనే ఉంటాడు అన్నాను. నాకెలా తెలుసు? తెలియదు. అయివారు చెప్పాడు కదా అని ఆమె కూర్చుంది.

బిడ్డ చాప మీద నిద్రపోయింది. కామమ్మ నీళ్ళు తాగడానికి బావి దగ్గరికి వెళ్ళింది. ఎండ తిన్నగా బుగ్గ మీదికి వచ్చింది, మధ్యలో ఆ నల్లటి చుక్క. తడిగుడ్డ కొన తీసుకుని తుడిచేశాను. బిడ్డ కదల్లేదు. తర్వాత పెట్టుకోవచ్చులే అనుకున్నాను. ఆ తర్వాత నాకు లోకం తెలియలేదు. ఎడమ బుగ్గ మొత్తం ఒక్క ఊపున వచ్చేసింది.

బావి నుంచి వచ్చి గుమ్మానికి ఆనుకుని కునికిన కామమ్మ లేచేసరికి పదిన్నర. నిద్రపోతున్న బిడ్డను భుజాన వేసుకుని పరుగులాంటి నడకతో పోయింది. చుక్క లేదని చూసుకోలేదు. నేనూ చెప్పలేదు.

స్కూలుకు పోతే టీకాలాయన మా వరండాలో కూర్చుని పిల్లలకు వేస్తున్నాడు. పాళెం పని పదింటికే అయిపోయిందట. మనిషిని పంపి కామమ్మను పిలిపిస్తే సరిపోయేది. పాళెం ఎంత దూరం, పావుగంట. బుగ్గ అంచులు తడి మీదే కలపాలని నా ధ్యాసంతా ఇంటి మీదుంది. హాజరు పిలిచి, తలనొప్పని చెప్పి ఇంటికి వచ్చేశాను.

మార్చి 9, శుక్రవారం

ఆ బుగ్గను చూస్తూ కూర్చున్నాను. ఇది నేను వేసిందేనా?

మార్చి 11, ఆదివారం

కామమ్మ బిడ్డకు టీకా వేయించిందా అని మగ్దలీనమ్మ అడిగింది. వేయించే ఉంటుంది, తొందరగానే పంపేశాను అన్నాను. ఇంగ్లీషులో ఇలాంటి చిన్నదాన్ని ఫిబ్ అని సరిపెట్టుకుంటారు. తెలుగులో అబద్ధమనే అంటారు.

మార్చి 25, ఆదివారం

నెల్లూరు నుంచి ఇప్పుడే వచ్చాను. టీచర్ల ఎగ్జిబిషన్. తడి ఆరని బొమ్మను చెక్కపెట్టెలో పెట్టుకుని, బస్సులో ఒళ్ళో పట్టుకుని వెళ్ళాను. మద్రాసు నుంచి వచ్చిన జడ్జి కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. తల్లి ముఖం మన మనిషిదిలా ఉందే అన్నాడు. బిడ్డ ఎడమ బుగ్గ దగ్గర వేలు గాలిలో ఆపి, ఇక్కడ మీకు పెయింటింగ్ వచ్చింది మాస్టారూ అన్నాడు. ఫస్టు ప్రైజు నాకే. వెండి మెడల్.

దారంతా జేబులో మెడల్ తడుముకుంటూనే ఉన్నాను. కామమ్మకు చూపించాలి. పదిహేను రోజులుగా రావడం లేదు. వేట బాగా పడి తీరిక లేదేమో.

మార్చి 27, మంగళవారం

చేపలకు వేరే ఆమె వచ్చింది. కామమ్మ ఏదని మగ్దలీనమ్మ అడిగితే, బిడ్డకు అమ్మవారు పోసింది, పాళెంలో ఆ ఒక్క బిడ్డకే అంది.

ఆ ఒక్క బిడ్డకే.

మార్చి 28, బుధవారం

పాళెం దాకా పోయాను. కామమ్మ గుడిసెకు వేపమండలు కట్టి ఉన్నాయి. అమ్మవారున్న ఇంటికి బయటివాళ్ళను రానీయరు. చిన్నపోలయ్య బయట ఇసుకలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, అయివారికి ఇచ్చే మర్యాద. ఎట్లుందని అడిగాను. మొగం తెలవడంలే అన్నాడు. లోపలినుంచి నాగులమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. ఆ పొద్దు చుక్క లేకుండా ఇంటికి తెచ్చింది, చూసినోళ్ళుండారు, చెడుపు ఆ పొద్దే తగిలింది అంటోంది. నేను పెట్టినానత్తా, పెట్టే తీసకపోయినా అని కామమ్మ ఏడుపు.

నేనే తుడిచానని అప్పుడే అక్కడే చెప్పాల్సింది. వచ్చేశాను.

మార్చి 31, శనివారం

టీకా వేయించినా ఎందుకు వచ్చినట్టు అని మగ్దలీనమ్మ అన్నం ముందు ఏడ్చింది. ఒక్కోసారి టీకా పట్టదు, కొందరికి అలా అవుతుంది అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. నా ఎడమ చేతి మీద నా చిన్నప్పటి టీకా మచ్చ గుండ్రంగా అలాగే ఉంది. స్నానం చేసేటప్పుడు చూడలేకపోతున్నాను.

ఏప్రిల్ 3, మంగళవారం

బ్రతికే ఉందట.

ఏప్రిల్ 4, బుధవారం

ఉంది.

ఏప్రిల్ 8, ఆదివారం

పాళెంలో కామమ్మ బిడ్డ కోసం ప్రార్థన చేయాలని మగ్దలీనమ్మ సంఘంలో లేచి అడిగింది. హెబ్రోను గారు ప్రార్థించారు. అందరూ ఆమేన్ అన్నారు. నాదే అందరికంటే పెద్దగా వినిపించింది, ముందు వరసలోవాళ్ళు తిరిగి చూశారు.

దేవుడికి చెప్పుకున్నాను కదా అని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. ఆయనకు ముందే తెలుసు. తెలియనిది కామమ్మ అత్తకు.

ఏప్రిల్ 14, శనివారం

బిడ్డ దక్కింది. అమ్మవారు దిగిందని నీళ్ళు పోశారట. ముఖమంతా గుంటలట. చేపలామె చెప్పింది.

ఇంకొకటి కూడా చెప్పింది. నాగులమ్మ కామమ్మను బిడ్డతో సహా పులికాటు సరస్సు దగ్గర పుట్టింటికి పంపేసింది. చుక్క మరిచిపోయి బిడ్డను పాడుచేసినదాన్ని ఇంట్లో పెట్టుకోనందట. చిన్నపోలయ్య తల్లిమాటకు ఎదురు చెప్పలేదు. వేరే పిల్లను చూస్తున్నారని కూడా అంటున్నారు.

దిష్టి అనేదే లేదని ఆరో క్లాసు పిల్లలకు చెప్పేవాణ్ణి నేను. కాటుక తుడిస్తే అమ్మవారు పోయదు. అది నాకు తెలుసు. దేనివల్ల పోసిందో కూడా తెలుసు.

ఏప్రిల్ 22, ఆదివారం

ఈస్టరు. హెబ్రోను గారు మిస్సమ్మగారి పోర్ట్రెయిట్ ఎంతవరకు వచ్చిందని అడిగారు. మొదలుపెట్టలేదు. గుడ్డ బిగించి ఆకుపచ్చ కలుపుతాను, కలిపినదంతా గీకి పారేస్తాను.

ఏప్రిల్ 29, ఆదివారం

చెప్పేశాను.

మధ్యాహ్నం పాళేనికి పోయాను. వలలు ఆరబెట్టిన చోట నాగులమ్మ, చిన్నపోలయ్య, ఇంకో పదిమంది దాకా ఉన్నారు. కూర్చోమన్నారు. నిలబడే చెప్పాను. చుక్క కామమ్మ మరిచిపోలేదు, నా బొమ్మ కోసం నేనే తడిగుడ్డతో తుడిచాను, ఆమె బావి దగ్గరుంది, ఆమెకు తెలియదు అన్నాను.

కొడతారనుకున్నాను. ఎవరూ కదల్లేదు. చిన్నపోలయ్య తల వంచుకుని ఇసుకలో ఏదో గీస్తూ కూర్చున్నాడు. నాగులమ్మ చేతిలో వల పక్కన పెట్టింది. చదువుకున్నోడివి, బిడ్డకు చుక్క ఎందుకు పెడతారో తెలవదా నాయనా అంది. తర్వాత లేచి లోపలికి పోయి గుప్పెట్లో ఉప్పూ మిరపకాయలూ తెచ్చి నా చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసింది. నీ కన్ను నీకే తగిలుంటాది, నీకూ తియ్యాల అంది. బాప్తిస్మం తీసుకున్నవాణ్ణి, బడిపంతుల్ని, ఆ ఘాటుకు దగ్గుతూ నిలబడ్డాను.

కామమ్మను తెచ్చుకోడానికి రేపే కొడుకును పంపుతానంది.

తిరిగి వస్తుంటే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. లైట్‌హౌస్ దాటే వరకే. అక్కడ ఆగిపోయాను. టీకా మాట నా నోట రాలేదు. రానివ్వలేదు.

మే 1, మంగళవారం

అయివారు పాళేనికి వచ్చి పదిమందిలో తప్పు ఒప్పుకున్నాడని ఊరంతా ఒకటే మాట. హోటల్లో టీ తాగుతుంటే గంగులయ్య అనే పెద్దాయన లేచి చోటిచ్చాడు. మగ్దలీనమ్మ ముందు నామీద కోప్పడింది, చుక్క సంగతి తనకెందుకు చెప్పలేదని. తర్వాత నా చెయ్యి పట్టుకుని, మీరు మంచివారండీ అంది. గుండెలో కత్తి దింపినా ఇంతకంటే మేలు.

హెబ్రోను గారు పిలిచి చీవాట్లు పెట్టారు. దిష్టి తీయించుకుంటావా, నువ్వు చేసిన తప్పేముంది అందులో, వాళ్ళ మూఢనమ్మకానికి నువ్వు తలవంచడమేమిటి అన్నారు. ఆయన మాట నిజం. నేను నమ్మని తప్పును పదిమంది ముందు ఒప్పుకున్నాను. నమ్మే తప్పును దాచుకున్నాను. అందరూ మెచ్చుకుంటున్నారు.

మే 13, ఆదివారం

కామమ్మ పాళేనికి వచ్చేసిందట.

జూన్ 12, మంగళవారం

ఈరోజు కామమ్మ వచ్చింది. నెత్తిన గంప, చంకలో పోలి. మగ్దలీనమ్మ పెరట్లో ఉంది.

బిడ్డను చూశాను. చూడకుండా ఉండలేకపోయాను. ఎడమ బుగ్గ మీద గుంటలు, వాన చినుకులు పడి ఆరిపోయిన ఇసుకలా. వాటి నడుమ చింతగింజంత చుక్క పెట్టి ఉంది. నన్ను చూసి నవ్వింది కూడా. రెండు పళ్ళు వచ్చాయి.

కామమ్మ బొమ్మ చూస్తానంది. మెడల్ వచ్చిన తర్వాత మగ్దలీనమ్మ అడ్డం కట్టిన చీర తీసేసి గోడకు తగిలించింది. కామమ్మ దగ్గరగా పోయి నిలబడింది. నా మొగం ఇంత బాగుండదు అయివారూ అంది. బిడ్డను చూసి, మా పోలి ఇట్లే ఉన్నింది అప్పుడు అంది. తర్వాత తన కంటి కొసన వేలితో కాటుక తీసి, గుడ్డ మీది బిడ్డ బుగ్గకు, జడ్జి వేలు ఆపిన చోటే, చుక్క పెట్టింది. రంగు పైకి ఆరినట్టుంది గానీ లోపల ఇంకా పచ్చిగా ఉంది. కాటుక అందులోకి దిగింది. దీనికైనా దిష్టి తగలకుండా ఉండనీ అంది.

చుక్క తుడిచింది నేనే కామమ్మా అన్నాను మళ్ళీ. అదేగా నన్ను ఇంటికి చేర్చింది, మా అత్త నా కాళ్ళకు నీళ్ళిచ్చింది అంది. గంప ఎత్తుకోబోతూ, పెరటివైపు చూసి గొంతు తగ్గించింది. టీకాల సంగతి నేనెవరికీ చెప్పలేదయివారూ, నాకు బుద్ధుండాల, మీరు ఉండమన్నా నేను పోవాల్సింది, అమ్మగారికి తెలీనీబాకండి, అంతగా చెప్పి పంపిందే, బాధపడతాది అంది.

 గంప ఎత్తించాను. బరువుగా ఉంది.

జూన్ 13, బుధవారం

టర్పెంటైనుతో తుడిస్తే ఆ చుక్క పోతుంది. సీసా మూత తీసి మళ్ళీ పెట్టేశాను. స్కూలుకు పోలేదు. మగ్దలీనమ్మ ఒళ్ళు చూసి జ్వరం లేదంది, అయినా కషాయం కాచి ఇచ్చింది. తాగాను.

జూన్ 14, గురువారం

గది ఊడుస్తూ మగ్దలీనమ్మ అడిగింది, బొమ్మలో బిడ్డ బుగ్గ మీద ఈ నలుపు ఎప్పుడు పడిందండీ అని.

చీపురు పక్కన పెట్టి కూర్చోమన్నాను. చుక్క దగ్గర కాదు, టీకా దగ్గర మొదలుపెట్టాను.